మామ పడుకున్నాడు, బండి కదిలింది

ఒక మనిషి చేతిలోంచి స్టీరింగ్ ఊడబెరకడానికి, అదే వారంలో మా ఇంట్లో నీటి చుక్క లేకుండా చేయడానికి, కన్నతల్లి నాతో మాట మానేయడానికి నాకు కావలసి వచ్చినవి రెండే వస్తువులు. ఒకటి ఆఫీసు కంప్యూటరు, రెండోది ఎర్ర స్కెచ్ పెన్ను. తెలివితో పని పడలేదు. అదెలా జరిగిందో చెబుతాను. మీరు నామీద జాలి పడనక్కర్లేదు, నవ్వితే చాలు.

మాది ముంబైలో, కామాటిపురలో తొమ్మిదో గల్లీ. మా తాత తండ్రి పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ రాళ్ళు మోశాడు. తాత ఇటుకలు మోశాడు. నాన్న సిమెంటు మోశాడు. నేను బీకాం చదివి ఏమీ మోయకుండా కూర్చున్నాను. రెండేళ్ళు అలా కూర్చున్నాక, చూసి చూసి, ఎదురు గది యాదయ్య మామ కలగజేసుకున్నాడు.

యాదయ్య మామ మాకు చుట్టమేమీ కాదు. మా చాల్‌లో, అంటే వరసగా ఒంటి గదులుండే పాత మేడలో, గ్యాలరీకి ఆ పక్కన ఆయన గది, ఈ పక్కన మాది. అందుకని ఆయన మామ, ఆయన భార్య అంజమ్మ అత్త. మామ ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా కంటైనర్ బండి నడుపుతున్నాడు. అక్కడి మేనేజరు శిందే సాహెబ్‌ని బతిమాలి బామాలి, నన్ను ఆఫీసులో లాగ్ చెకర్‌గా పెట్టించాడు. నేను చేరిన రోజున మామ గల్లీలో అందరికీ చాయ్ పోయించాడు. ఆ చాయ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లాగ్ చెకర్ అంటే బళ్ళ చిట్టాలు సరిచూసేవాడు, అదెలాగో చెప్పాలి. ప్రతి బండిలో ఒక జీపీఎస్ డబ్బా ఉంటుంది. బండి మూరెడు కదిలినా అది ఆఫీసుకు చెప్పేస్తుంది. డ్రైవరు ఫోనులో ఒక యాప్ ఉంటుంది. నడిపేటప్పుడు "చాలూ" అని నొక్కాలి, పడుకునేటప్పుడు "ఆరామ్" అని నొక్కాలి. ఎనిమిది గంటల ఆరామ్ పడితే గాని దూరం ట్రిప్పు ఇవ్వరు. వెనకటికి ఒక డ్రైవరు నిద్ర చాలక ఘాట్ రోడ్డులో బండిని గోడకు ఆనించాడు. ప్రాణం దక్కింది గాని, అప్పటినుంచి శిందే సాహెబ్‌కి నిద్ర కరువైంది. కొందరు ఆరామ్ నొక్కి బండి తోలుతారట. ఫోను పడుకున్నానంటుంది, డబ్బా నడిచానంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి దొంగను పట్టడమే నా ఉద్యోగం.

పది రోజులు చూశాను. ఒక్క దొంగ దొరకలేదు. లోకంలో ఇంతమంది నిజాయితీపరులు ఉంటారని నమ్మడానికి నాకు మనసొప్పలేదు. కూర్చోబెట్టి జీతమిస్తున్న కంపెనీకి ఒక దొంగనైనా చూపించకపోతే ఎలా అని దిగులు పట్టుకుంది. పదకొండో రోజున దొరికాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఫోనులో ఆరామ్. డబ్బాలో చూస్తే బండి పద్నాలుగు సార్లు కదిలింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరి బండా అని చూశాను.

యాదయ్య మామది.

బుద్ధి ఉన్నవాడైతే ఇక్కడ కాసేపు ఆగుతాడు. నేనూ ఆగాను. అర గ్లాసు చాయ్ తాగినంతసేపు ఆగి, సొంత మనిషినే పట్టిస్తే నా నిజాయితీకి ఇక ఎదురుండదని తేల్చుకున్నాను. అంతటితో ఊరుకోక, మిగతా బళ్ళు చూడటం మానేసి, మామ పాత లాగ్‌లన్నీ తవ్వాను. నెలకో రెండుసార్లు ఇంకో వింత కనిపించింది. ఎనిమిది గంటలపాటు "చాలూ", బండి నడిచింది అర కిలోమీటరు. పైగా ఆ మర్నాడు ట్రిప్పు లేదు, ఇంటికెళ్ళి పడుకున్నాడు. దాన్ని పని దొంగతనం కింద రాశాను. మొత్తం మీద నా రిపోర్టు ప్రకారం యాదయ్య మామ పడుకున్నానన్నప్పుడు నడుపుతాడు, నడుపుతున్నానన్నప్పుడు పడుకుంటాడు. నాలుగు పేజీలు. ముఖ్యమైన చోటల్లా ఎర్రగీత. అన్నీ ముఖ్యంగానే తోచాయి కాబట్టి నాలుగు పేజీలూ ఎర్రబడ్డాయి.

శిందే సాహెబ్ మామను పిలిపించాడు. ఆ రోజు ఏం చేశావని మర్యాదగానే హిందీలో అడిగాడు. పోర్టు గేటు ముందు లైన్లో బండి పెట్టి పడుకున్నానని మామ చెప్పాడు. అక్కడ గేటు తెరిచేదాకా బళ్ళు బారులు తీరి ఉంటాయి, లోపలికి పోవడానికి ఒక్కోసారి పూట పూటంతా పడుతుంది. సాహెబ్ ఇంకేమీ అడగలేదు. నేను ఊరుకోలేకపోయాను. తెలుగులో అందుకున్నాను.

"నువ్వు పండుకుంటే బండి పద్నాలుగు సార్లు ఎట్ల జరిగింది మామా?"

మామ నావైపు తిరిగాడు. "నేనైతె పండుకున్న అల్లుడా."

"మరి బండి దానంతట అదే నడిచిందా?"

"గట్లనే అనుకో."

ఇంత చేతగాని అబద్ధం నా జన్మలో వినలేదనుకున్నాను. సాహెబ్ మాత్రం నా ఎర్ర పేజీలను బల్ల మీద బోర్లించాడు. చివరికి శనివారం దాకా గడువిచ్చాడు. ఆలోగా సరైన జవాబు చెప్పకపోతే తాళాలు అప్పజెప్పి పోవాలి. పద్దెనిమిదేళ్ళ డ్రైవరు సరేనని తలూపి బయటికి నడిచాడు. ఆ రోజు మంగళవారం.

నేను ఇంటికి వచ్చేసరికి నా ఘనకార్యం నాకంటే ముందే మెట్లెక్కి కూర్చుంది. అమ్మ కంచం పెట్టింది, అన్నం పెట్టింది, ఒకే మాట అంది. "ఆయన పెట్టించిన కొలువుల కూసొని ఆయన్నే తీయిస్తివారా?" రూలు రూలేనని, చుట్టరికం చుట్టరికమేనని నేను వివరించబోయాను. అమ్మ లేచి గ్యాలరీలోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా మళ్ళీ నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నీళ్ళు లేవు.

మా చాల్‌లో కింద ఒకటే నల్లా. ఆరింటికి వస్తుంది, ఏడింటికి పోతుంది. అమ్మ ఐదున్నరకే బిందెలు లైన్లో పెట్టి, ఆఫీసులు ఊడ్చే పనికి పోతుంది. నేను ఏడింటికి లేచి, కిందికి దిగి, నిండిన బిందెలు పైకి తెస్తాను. ఇంటిపనిలో నా వాటా ఎప్పుడూ అదే. మధ్యలో ఆ బిందెలు ఎలా నిండుతాయన్న ప్రశ్న నా బుర్రలో ఒక్కనాడూ పుట్టలేదు. బుధవారం దిగి చూస్తే, అమ్మ పెట్టిన చోటే మా బిందెలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. చుట్టూ ఎవరి బిందే లేదు. ఏదో పొరపాటనుకుని పైకొచ్చాను. గురువారమూ అంతే. ఆ రోజు సీసాలో మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కుని, మెడదాకా కడిగానని సంతృప్తి పడి, ఆఫీసుకు వెళ్ళాను.

శుక్రవారం ఆరింటికే లేచి దిగాను. నల్లా దగ్గర ఉన్నది అంజమ్మ అత్త ఒక్కతే. లైన్లో మాత్రం పద్నాలుగు ఇళ్ళ బిందెలు ఉన్నాయి. ఒక బిందె నిండగానే తీసి పక్కన పెడుతోంది, వెనక బిందెను ముందుకు జరుపుతోంది, దాని వెనకదాన్ని జరుపుతోంది. బిందెల వాళ్ళంతా పైన రొట్టెలు చేసుకుంటున్నారు, పిల్లలకు జడలు వేస్తున్నారు, కొందరు నాలాగే పడుకున్నారు. మా బిందెల దాకా వచ్చి అత్త వాటిని దాటేసి వెనకవాళ్ళ బిందె అందుకుంది.

"అత్తా, మావి ఇడిసిపెట్టినవ్."

అత్త తల ఎత్తలేదు. "ముట్టుకుంటే మల్ల ఎవలు జరిపిన్రని రిపోర్టు రాస్తవేమో అల్లుడా. మాకెందుకా లొల్లి?"

అక్కడే నిలబడ్డాను. నాలుగు బిందెలు నిండేదాకా నిలబడ్డాను. నా బుర్రకు విషయం ఎక్కడానికి అంత సమయం పట్టింది.

"పోర్టు కాడ కూడ గిట్లనేనా?"

"యాడైనా లైను లైనే గద," అంది అత్త. తరవాత కొంచెం మెత్తబడి చెప్పింది. మన పాలమూరు డ్రైవర్లు ఐదుగురు కలిసి లైన్లో బళ్ళు పెడతారట. ఒకడు మేలుకుని ఉంటాడు, మిగతా నలుగురి తాళాలు అతనికే ఇస్తారు. లైను కదిలినప్పుడల్లా అతను ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కుతూ ఐదింటినీ జరుపుతాడు. నలుగురూ ఒళ్ళు మరిచి నిద్రపోతారు. మామ వంతు వచ్చిన రోజున ఆయన మేలుకుని జరుపుతాడు, ఆ పూటకు "చాలూ" నొక్కుతాడు, మర్నాడు ట్రిప్పు వద్దని ఇంటికి వచ్చి పడుకుంటాడు.

అర కిలోమీటరుకు ఎనిమిది గంటలు పట్టడం అదన్నమాట. కంపెనీ మొత్తంలో తు.చ. తప్పకుండా నిజం నొక్కే మనిషి ఒక్కడుంటే, నేను ఏరికోరి ఆయన్ని పట్టుకున్నాను. ఆ పూట నల్లా దగ్గర నాకు కలిగిన సిగ్గు కొలవడానికి మా చాల్ బిందెలన్నీ కలిపినా చాలవు.

ఫోరస్ రోడ్డు మూలమీద చాయ్ దుకాణంలో మామ దొరికాడు. తప్పయిపోయిందని చేతులు పట్టుకున్నాను. ఉన్నదున్నట్టు సాహెబ్‌కి చెప్పేస్తానన్నాను. మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఒకని బండి ఇంకొకడు ముడితే కంపెనీల ఏం రూలున్నది?"

ఆ రూలు టైపు చేసి గోడకు అంటించింది నేనే. ముట్టినవాడు, ముట్టనిచ్చినవాడు ఇద్దరూ ఇంటికే.

"నేను గమ్మునుంటే నా ఒక్క స్టీరింగే పోతది. నువ్వు నోరు తెరుస్తే ఐదు పోతయి. నీకు పుణ్యముంటది అల్లుడా, ఇగ సాయం చెయ్యకు."

శనివారం పొద్దున నేను ఇంకో రిపోర్టు రాశాను. ఈసారి అర పేజీ, నీలం సిరా. పోర్టు గేటు దగ్గర పెద్ద పెద్ద క్రేన్లు, ఇనుప కంటైనర్ల గుట్టలు ఉన్నందువల్ల జీపీఎస్ సంకేతం చెదిరి, నిలబడ్డ బండి కదిలినట్టు కనబడిందని, డ్రైవరు యాదయ్య తప్పేమీ లేదని, నా మొదటి రిపోర్టు అజ్ఞానం వల్ల రాసినదని. ఆఖరి మాట ఒక్కటే అందులో నిజం.

శిందే సాహెబ్ రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాడు. సంకేతం చెదిరితే నాలుగు వైపులా చెదరాలి కదా, పద్నాలుగు సార్లూ గేటు వైపే ఎందుకు చెదిరిందని అడిగాడు.

"గేటు దగ్గరే ఇనుము ఎక్కువ, సార్."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆయన మెల్లగా హిందీలో అన్నది తెలుగులో ఇది: "దొంగ లాగ్ పట్టుకుంటానని వచ్చిన దగ్గర్నుంచి తిరుగుతున్నావు. ఇప్పటికి ఒకటి దొరికింది." నా అర పేజీ మీద వేలితో రెండుసార్లు తట్టి, కింద సంతకం పెట్టి, సొరుగులో పడేశాడు. మామ పొద్దున్నే అప్పజెప్పి పోయిన తాళాలు బల్ల మీదే ఉన్నాయి, వాటిని నా వైపు తోశాడు. నేను తలుపు దాకా వెళ్ళాక పిలిచి, సోమవారం పోర్టుకు వెళ్ళి ఆ ఇనుము ఎంతుందో స్వయంగా చూసి రమ్మన్నాడు.

సోమవారం మామ బండిలోనే వెళ్ళాను. లైను మొదలు కనబడలేదు. మా ముందు నీలం రంగు కంటైనర్, దాని తలుపుకు వేలాడే ఎండిన నిమ్మకాయ. మామ ఆరామ్ నొక్కి, తాళాలు సీటు మీద వదిలి, వెనక బల్ల మీద నడుం వాల్చి, నేను నోట్‌బుక్ తెరిచేలోగా గురక పెట్టాడు. నేను క్లీనర్ సీట్లో నిటారుగా కూర్చున్నాను. ఎవరు వస్తారో, ఎలా జరుపుతారో, ఒక్కసారి కళ్ళారా చూద్దామని నా ఆశ. రిపోర్టుకు కాదు, ఒట్టు. బయట ఎండ, లోపల చిన్న ఫ్యాను, మామ గురక.

మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. ఎదురుగా నీలం కంటైనర్ లేదు, పోర్టు గేటు ఉంది. నా పక్క సీటు మీద తాళాలు ఉన్నాయి. నా తల కింద ఎవరిదో తువ్వాలు మడతపెట్టి ఉంది. వెనక మామ ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు. నా పక్కనే కూర్చుని, నన్ను లేపకుండా, ఎవరో మా బండిని గేటు దాకా తెచ్చి దిగి వెళ్ళిపోయారు.

ఆ గేటు ముందు, క్రేన్లన్నీ వింటుండగా, నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరి నిద్ర కిందా ఎర్రగీత గీయను. బండి ఎవరు జరిపారని చచ్చినా అడగను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడి ఉన్నాను. తువ్వాలు ఎవరిదో కూడా అడగలేదు కాబట్టి అది మా ఇంట్లోనే ఉంది.