మత్స్యకారులు వేటకు వెళ్లరాదు

మా అత్తమ్మ సముద్రం చూడలేదు. మా ఊళ్లో చూసినవాళ్లు తక్కువే. పటాన్‌చెరు నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా టీవీలో "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అని చెబితే, ఆ చేపలవాళ్లకంటే ముందు భయపడేది మా ఊరే. ఆ మాట వినగానే వాడంతా బర్రెలను ఇంటి దగ్గరే కట్టేస్తారు.

ఎందుకంటే, మా వాగుకు ఎగువన మందుల ముడిసరుకు చేసే కంపెనీ ఒకటుంది. దాని మురికి నీళ్లను ట్యాంకర్లలో శుద్ధి చేసే చోటికి పంపాలి. వాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే వాళ్లకు పండగ. వాన మొదలయ్యే ముందు తొట్టి వాల్వు తిప్పి వాగులోకి వదిలేస్తారు. వాన వచ్చి అంతా కడిగేస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ నోరెత్తేదెవరు? ఇంటికొకరు అక్కడే పనిచేస్తున్నారు. మా ఇంట్లోనైతే ఆ వాల్వు తిప్పేవాడే ఉన్నాడు. నా మొగుడు.

అక్కడి సారు ఫోనులో సముద్రం మీద గాలి రంగురంగులుగా తిరుగుతుందట. రంగు ముదిరి మన వైపు జరిగితే చెయ్యి ఊపుతాడట, ఈయన తిప్పుతాడు. మా అత్తమ్మకు ఆ రంగులతో పనిలేదు. దక్షిణ అండమాన్, ఆగ్నేయ బంగాళాఖాతం అనే మాటలు ఆమె నోట పక్క ఊళ్లయిన ఇస్నాపూర్, చిట్కుల్ అన్నంత తేలికగా వస్తాయి. చేపలవాళ్లను వెళ్లొద్దంటే బర్రెను కట్టెయ్యాలి. మళ్లీ వెళ్లమంటే విప్పాలి. ఆమె లెక్క ఇంతే. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు, ఎందుకంటే ఆ రెండు మాటల మధ్య ప్రతిసారీ వాన పడింది.

మామయ్య పోయాక ఆమెకు మిగిలింది ఒక్క బర్రె. చిట్కుల్‌లో కిరాయి గదుల్లో ఉండే బీహారు పిల్లలకు పాలు పోసేది. తన ఆకువక్కలకు, తన మోకాళ్ల మందులకు కొడుకు ముందు చెయ్యి చాపేది కాదు. నా ముందు అసలే చాపేది కాదు. ఆ గర్వమంతా బర్రెదే. పోయిన ఏడాది అది నిండు సూడితో ఉన్నప్పుడు ఆమె దాన్ని చూసుకున్నంత బాగా, నేను కడుపుతో ఉన్నప్పుడు నన్ను చూసుకోలేదు. ఆ మాట ముఖం మీదే అన్నాను.

"నువ్వు పాలిస్తవా?" అంది.

అప్పుడే అల్పపీడనం వాయుగుండమైంది. బర్రెను కట్టేశాం. వాన రాలేదు. ఆకాశం మూసుకుపోయి ఒకటే ఉక్క. నిండు కడుపుతో ఉన్న బర్రెకు నీళ్లలో పడుకోవాలని ఉంటుంది. అది పగలూ రాత్రీ అరిచింది. మేం తొట్టిలో పోసిన బోరు నీళ్లను మూతితో తోసేసింది. అత్తమ్మ తడిగుడ్డతో దాని ఒళ్లు తుడుస్తూ, "జెర ఓర్చుకో బిడ్డా, సముద్రంల గాలి పోనీ" అని బతిమాలింది.

మూడోనాడు పొద్దున టీవీలో చెప్పారు. వాయుగుండం దిశ మార్చుకుని బంగ్లాదేశ్ వైపు వెళ్లిపోయింది, మన తీరంలో వేటకు వెళ్లవచ్చు. అత్తమ్మ ముఖం విప్పారింది. ఊళ్లో అందరికంటే ముందు లేచేది ఆమె, అందరికంటే ముందు విప్పిందీ ఆమే. మిగతావాళ్ల బర్రెలు బతికింది అందుకే.

ఆ ముందు రోజు సాయంత్రం డ్యూటీలో నా మొగుడు వాల్వు తిప్పాడు. గాలి తిరుగుతుందని సారుకు తెలియదు. రావలసిన మనిషి రాక ఈయనకు రాత్రి డ్యూటీ కూడా పడింది. పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు కాబట్టి ఇంటికి చెప్పే దారి లేదు. పొద్దున కంపెనీ బస్సు దిగేసరికి వాళ్లమ్మ వాగు వైపు నుంచి వస్తోంది. ముందు బర్రె, ఒళ్లంతా తడి.

"యాడ తాపినవమ్మా?" అని పరుగెత్తాడు.

"వాగుల. గాలి పక్కకు పోయిందట, చేపలోళ్లను పొమ్మన్నరు" అంది నవ్వుతూ.

పొద్దు గూకే లోపే బర్రె పడిపోయింది. నోట్లోంచి నురగ, ఉబ్బిన కడుపు, ఆ కడుపులో దూడ కాళ్లు తన్నుకోవడం పైకి కనిపించింది. తల్లి ఊపిరి ఆగిన తర్వాత కూడా కాసేపు తన్నింది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు. ఎక్కడ తాగిందని అడిగాడు. చెప్పాం. ఇంకేమీ అడగలేదు.

"సారు గూడ పరేషాన్ అయిండే అమ్మా. గాలి తిరిగితే మనమేం జేస్తం అన్నడు" అన్నాడు నా మొగుడు.

"గాలి తిప్పిందా వాల్వు?"

"నేను తిప్పకుంటే ఇంకోడు తిప్పుతడు."

ఆమె ఏడవలేదు.

ఆ మాటకు జవాబు మళ్లీ అల్పపీడనం వచ్చినప్పుడు చెప్పింది. ఈయన సాయంత్రం డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. తెల్లవారి ఆమె కాళ్లు ఈడ్చుకుంటూ వాగుకు వెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. మధ్యాహ్నం నేను అన్నం వడ్డించగానే ఆ చెంబు కంచం పక్కన పెట్టింది. ఘాటుకు నాకు కళ్లు మండాయి.

"ఏందమ్మా ఇది?"

"నువ్వు ఇడిసిన నీళ్లే. తాగు."

ఆయన లేచి వెళ్లిపోతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు జాలేసింది. ఆయన తల వంచుకుని, చెంబును కొంచెం అవతలికి జరిపి, కంచంలో అన్నమంతా తిన్నాడు. మారు కూడా అడిగాడు. అక్కడితో నా జాలి అయిపోయింది.

అప్పటినుంచి వాల్వు తిప్పిన ప్రతిసారీ ఆ చెంబు వస్తుంది. లోపల పసుపు చార పడింది. చింతపండుతో తోమినా పోలేదు.

"ఇంకెన్ని దినాలమ్మా గిట్ల?" అని ఒకసారి అడిగాడు.

"నా బర్రె లేచేదాక" అంది ఆమె.

మొన్న అండమాన్ దగ్గర మళ్లీ అల్పపీడనమన్నారు, వేటకు వెళ్లరాదన్నారు. ఈయన డ్యూటీకి వెళ్లి వచ్చాడు. పొద్దున అత్తమ్మ గోడ పట్టుకుని లేవబోయింది. కూర్చోమని చెప్పి, చెంబు తీసుకుని వాగుకు నేనే వెళ్లాను.