మామకు ఇవ్వని నెల

కడపలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా పని. మేడ మీద రేకుల గది. వేసవిలో ఫ్యాన్లు తిరుగుతున్నా సుద్దముక్క చేతిలో చెమటకు తడుస్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం బోర్డు మీద రెండు మాటలు రాశాను. డిబేట్, డెలిబరేషన్. పిల్లల దగ్గరున్న చిన్న నిఘంటువులో రెండింటికీ ఎదురుగా ‘చర్చ’ అనే ఉంది.

“రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు సార్?” అని ముందు బెంచీలో కూర్చున్న అబ్బాయి అడిగాడు.

ఒకటి కావని చెప్పాను. డిబేట్‌కు లేచి నిలబడే ముందే మన నిర్ణయం అయిపోయి ఉంటుంది. మిగిలింది ఎదుటి మనిషిని ఓడించడమే. అతను చెప్పేది వింటాం గానీ, ఎక్కడ పట్టు దొరుకుతుందా అని వింటాం. డెలిబరేషన్‌లో నిర్ణయం ఇంకా పుట్టి ఉండదు. కూర్చున్నవాళ్లంతా కలిసి దాన్ని వెతుకుతారు. వింటూ వింటూ మన మనసు మారితే అది ఓడిపోవడం కాదు, కూర్చున్నదే అందుకు.

ఇవన్నీ ప్రతి ఏడూ చెప్పేవే. ఆ రోజు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

“ఉదాహరణ చెప్పండి సార్. పుస్తకంలోది వద్దు. మీరు చూసింది.”

నేను చూసింది ఉంది. మా వీధి సంగతి చెప్పాను.

మాది కర్నూలుకు పడమర దిక్కున ఒక నేతపని ఊరు. మా వీధిలో ఇంటింటికీ, గుంతలో కాళ్లు పెట్టి నేసే గుంత మగ్గం ఉండేది. అమావాస్య నాడు మగ్గం మీద కూర్చునేవారు కాదు. ఆ పూట మగవాళ్లు, ఆడవాళ్లు వీధి మధ్యలో చాపలు పరిచి కూర్చుని, నలుగురికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునేవారు. దానికొక పద్ధతి ఉండేది. ఒక అమావాస్యకు విషయం చెప్పాలి, మరుసటి అమావాస్యకు తేల్చాలి. చెప్పిన రోజే తేల్చకూడదు. ఆ నెలంతా ఎవరి మగ్గంలో వాళ్లు కూర్చుని, కాళ్లు చేతులు పనిచేస్తుండగా, ఆ విషయాన్ని మనసులో తిప్పి చూసుకునేవారు. నెల తర్వాత కొందరు మొదట అనుకున్నదానికి పూర్తిగా ఎదురు మాట చెప్పేవారు. ఎవరూ నవ్వేవారు కాదు.

పిల్లలకు నచ్చింది. ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.

“ఇప్పుడు కూడా అట్లే కూర్చుంటారా సార్?”

“లేదమ్మా. మానేశారు.”

“ఎందుకు సార్?”

“కాలం మారింది” అన్నాను. గంట కొట్టకముందే క్లాసు వదిలేశాను.

కాలం మారి కాదు. దాన్ని మాన్పించింది నేను.

మా మేనమామ మా పక్కింట్లోనే ఉంటాడు. మా నాయన తొందరగా పోవడంతో నన్ను బడికి పంపిందీ, పరీక్ష ఫీజులకు తిరిగిందీ ఆయనే. ఆయన మాట నిదానం. ఏదైనా అడిగితే ఒకసారి చేతివేళ్లు చూసుకుని, గొంతు సవరించుకుని, అప్పుడు మొదలుపెడతాడు. మధ్యలో ఆగుతాడు. ఆగినప్పుడు మాట అయిపోయిందనుకుని మనం మాట్లాడితే, ఆయన ఇక మాట్లాడడు.

కర్నూలులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ డిబేట్‌లో నాకు మొదటి బహుమతి వచ్చింది. చూడటానికి మామ వచ్చాడు. తాను నేసిన గుడ్డతో కుట్టించిన చొక్కా తెచ్చి నాకు తొడిగాడు. అంతా ఇంగ్లీషు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ చప్పట్లు ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు. బయటికొచ్చి టీ తాగుతూ అడిగాడు.

“నువ్వు ఏం మాట్లాడినావో తెలీదురా అల్లుడా. శానా బాగుండె. ఆ ఎదురుగా ఉన్న పిల్లోడు ఏడుపు మొగం పెట్టినాడు గదా, ఏమన్నావప్పా వాన్ని?”

గర్వంగా నవ్వాను. ఆయన నవ్వలేదు. “పాపం, వాడూ ఏందో చెప్పబోయినాడు” అన్నాడు.

ఇప్పుడు వీధి గురించి చెప్పాలి. నేతపని వాళ్లకు వీధి నడిచే దారి మాత్రమే కాదు, అదొక పనిముట్టు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలన్నిటినీ, వీధి పొడవునా చాచాలి. రెండు కొసలా గుంజలు పాతి తాళ్లతో బిగించాలి. గంజి పెట్టి, ఆ గంజి ఆరేలోపల పెద్ద కుంచెతో అటొకరు ఇటొకరు నడుస్తూ దువ్వాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్ల చేతులు కావాలి. ఎవరూ పిలిచేవారు కాదు, చూసి వచ్చేవారు. నేనూ చిన్నప్పుడు తెగిన దారాలు ముడివేసినవాణ్ణే.

కొన్నేళ్ల కిందట వీధికి సిమెంటు రోడ్డు మంజూరైంది. వీధంతా సమ్మతించినట్టు కాగితం రాసి సంతకాలు పెట్టివ్వాలని వార్డు మెంబరు చెప్పాడు. ఆ అమావాస్యకు నేను కడప నుంచి వెళ్లి ఉన్నాను. వానాకాలం బురద, ఆ బురదలో జారిపడి చెయ్యి విరిగిన ముసలమ్మ, ఇంటి ముందుకు రాలేని అంబులెన్సు. ఒక్కొక్కటే చెప్పాను. అన్నీ నిజాలే. జనం తలలూపారు. నాకు ఊపు వచ్చింది.

మామ చేతివేళ్లు చూసుకున్నాడు. “రోడ్డు మంచిదే. ఐతే పడుగు...” అని ఆగాడు.

“మామా, రోడ్డు కావాల్నా, వద్దా? ఒక్క మాటలో చెప్పు.”

“వచ్చే అమావాస్యకు చెప్తాలేప్పా.”

“నెల దాకా ఆ కాగితం ఎవరు పట్టుకోనుంటారు?” అని, నవ్వించడానికి ఇంకో మాట కలిపాను. “మామ మాట గూడా పడుగే. ఒక కొస బయటికొచ్చేసరికి ఇంగో కొస చిక్కు పడతాది.”

వీధి వీధంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. కాగితం ఆయన ముందుకు వెళ్లినప్పుడు అందరితోపాటు సంతకం పెట్టాడు. చెప్పిన రోజే తేలిపోయిన మొదటి విషయం అదే. తర్వాత అమావాస్యకు సగం మందే వచ్చారు. ఎవరో ‘ఇంత దానికి నెల ఎందుకు?’ అన్నారట. ఆ తర్వాత చాపలు పరచలేదు.

కాగితం వెళ్లిన వారానికే పని మొదలై, రోడ్డు వచ్చింది. బురద పోయింది. ఆటోలు ఇళ్ల ముందుకు వచ్చాయి. గుంజలు పాతడానికి మాత్రం చోటు లేకపోయింది. ఊరి బయట బీడులో పడుగు చాచాలని చూశారు. అక్కడ గాలికి గంజి ముందే ఆరిపోయేది, దారాలు తెగేవి. అంత దూరం చేతిసాయానికి వచ్చేవాళ్లు లేరు. మామ రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. ఇప్పుడు బజారులో ఒక బట్టల అంగట్లో చీరలు మడత పెడుతున్నాడు. మిల్లు చీరలు. వచ్చినవాళ్లు విప్పి చూసి వద్దని పోతే, మళ్లీ మడత పెట్టడం ఆయన పని.

ఆ అమ్మాయి ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. ఆదివారం కర్నూలు బస్సెక్కాను. మైదుకూరులో బస్సు ఆగినప్పుడు గమనించాను, మామకు ఏం చెప్పాలో మనసులో వరస పెట్టుకుంటున్నాను. మొదట రోడ్డు వల్ల జరిగిన మేలు. తర్వాత మగ్గాలు అన్ని ఊళ్లలోనూ తగ్గుతున్న సంగతి. చివర్లో నా పొరపాటు, క్షమాపణ. క్షమాపణను కూడా గెలిచేటట్టు పేర్చుకుంటున్నాను. కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న నాకే సిగ్గేసింది.

మామ ఇంటి ముందు ఆటో దిగేసరికి అత్త కసువు ఊడుస్తోంది.

“రాప్పా రా, సారూ. ఇంటిదాకా ఆటోలోనే వస్తివి గదా. నువ్వు ఏపిచ్చిన రోడ్డే. కాలికి మన్ను అంటలేదు గదా?”

చెప్పులు విప్పి గడప దాటాను. లోపల మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు అంగడికి సెలవు. మగ్గం గుంత మీద చెక్కలు పరిచి బియ్యం డబ్బా పెట్టారు. మజ్జిగ తాగాక మొదలుపెట్టాను. “మామా, ఆ రోడ్డు సంగతి. అప్పట్లో పరిస్థితి ఎట్లుండెనంటే, ఒకటి ఆ బురద, రెండోది...”

“మల్ల మొదులుపెట్నాడు సూడు” అంది అత్త గడపలోంచి. “ఎవరినన్నా తోడు తెచ్చుకోవాల్సింది, సప్పట్లు కొట్టేకి.”

ఆగిపోయాను. మామ చేతివేళ్లు చూసుకున్నాడు. ఈసారి నేను నోరు తెరవలేదు. అత్త చీపురు మూలకు చేర్చి వచ్చి కూర్చుంది.

“నేను రోడ్డు వద్దనలేదురా అల్లుడా” అన్నాడు. ఆగాడు. “ఆ పొద్దు నాకు ఏం చెప్పాల్నో తెల్దు. ఏందో అడ్డం పడతాండాదని మాత్రం తెలుసు. ఇరవై దినాలైనంక మగ్గంలో కూచున్నప్పుడు తట్టింది. సిమెంటు పోసేటప్పుడే వీధికి రెండు కొసలా ఇనప గొట్టాలు పాతి, పైన మూత పెట్టమంటే సరిపాయ. కావాల్సినప్పుడు మూత దీసి గుంజలు నిలబెట్టుకుందుము. బండ్లు గూడా పోతుండె.” మళ్లీ ఆగాడు. “బయటికొచ్చి చూస్తి. అప్పుటికే సిమెంటు ఎండిపాయ.”

నాలుగు గొట్టాలు, నాలుగు మూతలు. ఆ వీధి అన్నేళ్లుగా పెట్టుకున్న నెల గడువు సరిగ్గా అందుకే. నా ఉపన్యాసం పావుగంట. అందులో ఆ గొట్టాలు లేవు. ఆయన మౌనంలో ఉన్నాయి, ఇరవై రోజుల తర్వాత బయటికి రావడానికి. దాన్ని నేను చిక్కుపడిన దారమన్నాను.

బస్సులో పేర్చుకున్నవేవీ నాకు గుర్తు లేవు. చెప్పాల్సింది ఇంకొకటే మిగిలింది. అది బస్సులో కూడా నా వరసలో పెట్టుకోనిది.

“మామా, గుంజల సంగతి నాకు ఆ పొద్దే తెలుసు.”

ఆయన తలెత్తాడు.

“నువ్వు ‘పడుగు’ అనంగానే తట్టింది. రోడ్డు పడితే గుంజలు యాడ పాతాలని. నీకన్నా ముందే తట్టింది. అది బయటికొస్తే నా మాట ఓడిపోతాదని నిన్ను మాట్లాడనీలేదు. అందర్నీ నవ్విచ్చినా.”

ఇన్నేళ్లూ అది నాకు తట్టలేదనే చెప్పుకున్నాను. నా భార్యకు అట్లే చెప్పాను. నాకు నేను కూడా.

మామ ముఖం మారడం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. అది కోపం కాదు.

“నువ్వు మర్చిపోయినావనుకొన్యా” అన్నాడు మెల్లగా. “మీ అత్త తిట్టినప్పుడంతా నేనే చెప్తుంటి. వాడు సదువుల్లో పడి మగ్గం మర్చిపోయినాడులే, తెలిసుంటే చేసేటోడు కాదు, అని.”

అత్త లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఒక్క నమ్మకంతో ఆయన నన్ను ఇన్నేళ్లు కాపాడుకున్నాడు. నేను బరువు దించుకోవడానికి వచ్చి దాన్ని కూడా ఆయన చేతిలోంచి లాగేసుకున్నాను. చెప్పకుండా ఉండాల్సిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చెప్పడం ఆయన కోసమా, నా కోసమా అన్నది కూడా.

“తప్పు చేసినా మామా. మన్నిస్తావా?” అన్నాను. అడిగాక తెలిసింది, ఇది కూడా ఒక్క మాటలో చెప్పమని అడగడమేనని.

మామ మంచం దిగి మగ్గం గుంత దగ్గరికి వెళ్లాడు. బియ్యం డబ్బాను కొంచెం పక్కకు జరిపి, చెక్క అంచును చేత్తో తడిమి చూశాడు. మళ్లీ డబ్బాను చెక్కల మధ్యకు జరిపాడు.

“ఇది ఇప్పుడు చెప్పేది కాదప్పా. అమావాస్య రానీ.”

“వస్తా మామా.”

“రా. చాప ఏస్తా.” గొంతు సవరించుకున్నాడు. నేను ఆగాను. ఆయన మాట ఇంకా అయిపోలేదని ఈసారి నాకు తెలుసు. “వచ్చేటప్పుడు ఏమీ తయారుజేసుకోని రావద్దు.”

అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఈ రోజు పొద్దున క్లాసులో ఆ అమ్మాయిని లేపి, కాలం మారిందని నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. మరి నిజమేంటని ఆమె అడగలేదు. నేనే చెప్పాను, మొదటి నుంచి, గుంజల సంగతితో సహా. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఒకరిద్దరు నన్ను సమర్థిస్తూ ఏదో చెప్పబోయారు. మామ మాట వినేదాకా వద్దన్నాను.