చదవకుండా పెట్టిన సంతకం

ఆరేళ్లుగా ఒక పేజీ నా గుండెల మీద బండలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

గోదావరిఖనిలో, ఓపెన్‌కాస్టు బొగ్గు గని కింద పోతున్న ఊళ్ల వ్యవహారాలు చూసే ఆఫీసులో నేను కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్ని. ప్రకటనలన్నీ మా వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో ఉండేవి. నొక్కితే తెలుగులోకి మారే బటన్ ఒకటి పెట్టాం. ఒకటే షరతు: తెలుగు వచ్చినవాళ్లు ప్రతి పేజీ చదివి, సరిగ్గా ఉందని సంతకం చెయ్యాలి. ఆ తెలుగు వచ్చిన మహాతల్లిని నేనే. నాలుగు పేజీలు చదివాను. మిగతావాటికి సంతకాలు గీకేశాను. అన్నం వేళయింది, అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది.

వాటిలో ఒకటి ఇళ్ల స్థలాల ప్రకటన. ఒంటరి ఆడవాళ్లు విడిగా దరఖాస్తు పెడితే వాళ్లకూ స్థలం వస్తుంది. పేజీ పైనున్న ఆ నాలుగు ముక్కలూ తెలుగులోకి మారాయి. గడువు మాత్రం కింద, స్కాన్ చేసి అతికించిన ఇంగ్లీషు కాగితంలో ఉంది. స్కాన్ కాగితం బొమ్మతో సమానం, దాన్ని ఆ బటన్ ముట్టుకోదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మల్లయ్య కాక గని ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. రోజూ పొద్దున బస్టాండు పక్క హోటల్లో కూర్చుని, ఫోన్లో మా ప్రకటనలు చదివి ఊరివాళ్లకు విడమర్చి చెప్పేవాడు. వాళ్లు చాయ్ తాగించేవాళ్లు. ఒకరోజు గొప్పగా చెప్పాను:

"కాకా, ఇగ నీకు ఇంగ్లీషు సదివే తిప్పలు లేదు. అంతా తెలుగుల వస్తది."

"కింద అతికించే కాయితాలు గూడ వస్తయా బిడ్డా? నాకు సూపు ఆనుతలేదు. నువ్వు వస్తయంటే గా ఇంగ్లీషు ఇడిసిపెడత."

"అంతా వస్తది కాకా. నేనే సదివి సంతకం పెట్టిన."

ఎందుకన్నాను ఆ మాట? గొప్పకా? చూసి చెబుతానంటే నా సంతకాల బండారం బయటపడుతుందనా? రెండూనేమో.

లచ్చవ్వ భర్త పోయి అన్న ఇంట్లో తలదాచుకుంటున్న మనిషి. స్థలం సంగతి అడిగితే కాక తెలుగులో ఉన్నంతవరకే చూసి, తారీఖు ఇంకా వెయ్యలేదు, ఆగమన్నాడు. ఆమె ఆగింది. గడువు పోయింది.

ఆ సంగతి తెలిసిన పొద్దున ఆమె హోటల్లోనే అతన్ని నిలదీసింది. "నీ మాట వట్టుకొని కూసున్న కాకా! నా జాగ వాయె. సచ్చేదాక మా వదినె ఇంట్ల గిన్నెలు తోముడేనా నా బతుకు?" పక్క బల్ల దగ్గర చాయ్ తాగుతున్నాను నేను. కాక నావైపు ఒక్కసారి చూశాడు. నా పేరెత్తలేదు. తప్పయిందని ఆమెతో అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆఫీసుకు పోయి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ గడువును తెలుగులో టైపు చేసి పేజీ పైనే పెట్టాను. తప్పు దిద్దానని నాకు నేను చెప్పుకున్నాను. ఛీ! దిద్దింది తప్పునా, నా సంతకాన్నా?

మర్నాడు హోటల్లో ఎవరో ఆ పేజీ తెరిచి అందరికీ చూపించారు. "గింత పెద్దగ తెలుగుల ఉంటే ముసలోనికి కనవడలే!" కాక ఆ ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అవు, ఉన్నది," అన్నాడు. ఆ తర్వాత ఆ హోటల్‌కు రాలేదు. ఎవరికీ ఏదీ చదివి పెట్టలేదు.

లచ్చవ్వ ఇంకా వదిన ఇంట్లోనే ఉంది. కాక ఎదురుపడితే "తిన్నవా బిడ్డా" అంటాడు. నా పని అని అతనికి తెలుసా? తన కళ్లే మోసం చేశాయని నమ్ముతున్నాడా? అడిగే ధైర్యం ఈరోజుకీ లేదు.

కాక చూసినప్పుడు ఆ తారీఖు అక్కడ లేదు. తర్వాత నేను పెట్టాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఆరేళ్లు పట్టింది, రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఇదంతా మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. సరిగ్గానే ఉంది.