పీతలకు పురుగులు పట్టిన రోజు

పెళ్ళయిన కొత్తలో పుట్టింటి గొప్పలు చెప్పుకోని ఆడపిల్ల ఉండేది కాదండి ఆ రోజుల్లో. ఒకళ్ళు మేడ గురించి చెబితే, ఒకళ్ళు అన్నయ్య ఉద్యోగం గురించి చెప్పేవారు. నాకు మేడా లేదు, చదువా ఐదో తరగతితో సరి. అందుకని పీతల గురించి చెప్పేదాన్ని. నరసాపురం అవతల సముద్రం ఒడ్డున పుట్టానేమో, పీతని తిరగేసి చూస్తే చాలు, కండ ఎంతుందో, గుడ్లున్నాయో లేదో చెప్పేసేదాన్ని. నన్నిచ్చింది మాత్రం ఏలూరు దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో, వరి చేల మధ్య ఊరికి. అక్కడివి గట్లకి బొరియలు పెట్టే పొలం పీతలు. ఏదైతేనేం, పీత పీతే కదా అనుకున్నాను.

ఒకరోజు వాన వెలిశాక మా మరిది బోదె (చేలకి నీళ్ళు పారే కాలువ) గట్టు మీంచి తట్టెడు పీతలు పట్టుకొచ్చాడు. మా ఆయన ఉల్లిపాయల బేరానికి గూడెం వెళ్ళారు (తాడేపల్లిగూడేన్ని మా వైపు అలాగే అంటాం). అత్తయ్య నారుమడి దగ్గరున్నారు. మరిది పొట్ట ఉబ్బిన పీతల్ని ఏరి పక్కన పెడుతున్నాడు.

"అవెందుకయ్యా తీసేస్తున్నావు?"

"ఏమో వదినా, ఇలాంటివి వదిలెయ్యమంటుంది అమ్మ."

"గుడ్ల పీతల్ని వదిలేస్తారా ఎవరైనా! మా ఊళ్ళో వీటికోసం కొట్టుకుంటారు. ఇప్పటికి మామూలువి ఇగురు పెడతాను, రాత్రికి వీటి పులుసు తిని అప్పుడు మాట్లాడు" అని వాటిని బకెట్లో వేసి మూత పెట్టాను.

మధ్యాహ్నం ఇగురు కుదిరింది. మావయ్య వేళ్ళు నాక్కుంటూ, "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో పీత ఉడికింది" అని అత్తయ్య వైపు ఓరగా చూశారు. నాకు నేల మీద కాలు ఆనలేదు. ఆ ఊపులోనే రాత్రి పులుసుకి పీతలు బాగుచేద్దామని పెరట్లోకి వెళ్ళి, ఒకదాన్ని తిరగేసి పొట్ట కింద రేకు పైకి లేపాను. ఎర్రటి గుడ్ల ముద్ద ఉంటుందనుకుంటే, కందిబద్దంతేసి బూడిదరంగు ప్రాణులు వందల కొద్దీ, కాళ్ళతో, బిలబిలమంటూ నా చేతి మీదకి పాకాయి.

"అత్తయ్యా! పీతలకి పురుగులు పట్టాయండీ! మనం తిన్నవాటిక్కూడా ఉండే ఉంటాయి!"

అంతే. మావయ్య మంచం మీంచి లేచి కడుపు పట్టుకున్నారు (ఆయనకి తుమ్మొచ్చినా పెద్దాసుపత్రే గుర్తొస్తుంది). "కదులుతున్నాయే, లోపల కదులుతున్నాయి!" అత్తయ్య గ్లాసు వెనక గ్లాసు ఉప్పునీళ్ళు పట్టారు. తిన్నదంతా ఆయన పెరట్లోనే కక్కేశారు. మరిది ఏలూరు వెళ్ళడానికి ఆటో పిలుచుకొచ్చాడు. నేను బకెట్టు పట్టుకుని ఒకటే ఏడుపు. పెళ్ళయి నెల తిరక్కుండా మామగారిని చంపిన కోడలు అంటారు, పుట్టింటికి పంపేస్తారు, ఇంకేం మిగిలింది!

ఆటో ఎక్కబోతూ అత్తయ్య, "ఏదీ, ఆ పురుగులు ఇలా తే. డాక్టరుగారు అడిగితే చూపించాలి కదా" అని బకెట్టు మూత తీశారు. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండలోకి తిప్పారు. అది గోరంత కూడా లేదు గానీ, పట్టుకారుల్లాంటి ముందరి డెక్కలు రెండూ ఎత్తి ఆవిడ మీదకే వచ్చింది.

"పురుగులా ఇవి? డెక్కలున్న పురుగుని ఎక్కడ చూశావే తల్లీ? పిల్లలు! పొలం పీత పిల్లల్ని పొట్ట కింద పెట్టుకు మోస్తుంది. అందుకేగా వదిలెయ్యమనేది!"

మావయ్య చేతిలో గ్లాసు అలాగే ఉంది. "అయితే నేను బతికినట్టేనా?"

"బతికారు. ఆ గ్లాసు దించండి."

ఆయన గ్లాసు దించి, "కూరేమైనా మిగిలిందా?" అన్నారు. ముందు ఆటో అబ్బాయి నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. నా ఏడుపు ఎప్పుడాగిందో నాకే తెలియదు.

ఇప్పుడు ఏలూరు కాలేజీలో డిగ్రీ చదివే మా అమ్మాయి దీని వెనక కథ చెప్పింది. సముద్రం పీతల గుడ్లు పగిలితే కంటికి ఆనని నలుసులొస్తాయట, అవి నీళ్ళలో తేలుతూ ఎక్కడికో పోయి పీతలవుతాయట (మరి నేను వాటిని ఎలా చూస్తాను!). మనుషులే లేని కాలంలో కొన్ని పీతలు ఉప్పునీళ్ళు వదిలి మంచినీళ్ళలోకి వచ్చేశాయట. అక్కడ నలుసుల బతుకు సాగదని, పిల్ల గుడ్డులోనే పూర్తిగా పీతయ్యి బయటికొచ్చేలా మారాయట. తేలిపోయే దారి లేక నడిచినంత మేరే పాకాయి గనక, ఒక్కో ఏటికీ, ఒక్కో కొండకీ ఒక్కో రకం పుట్టిందట. కామవరపుకోట మెట్ట వాగుల్లోవీ మా చేలల్లోవీ ఒకే జాతి కాకపోవచ్చట. "ఉప్పునీళ్ళు వదిలి వచ్చాయా, నాలాగే" అన్నాను. అమ్మాయి నవ్వింది.

ఆటో వచ్చిన ఆ రోజు సాయంత్రమే అత్తయ్యా నేనూ ఆ తల్లి పీతల్ని బోదె గట్టు మీద వదిలొచ్చాం. మా ఆయన గూడెం నుంచి వచ్చి, గోలకి వాకిట్లో పోగైన ఇరుగుపొరుగు జనాన్ని చూసి ఏమైందని అడిగితే, నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. అత్తయ్య నా వైపు చూడకుండానే, "ఏం లేదురా, మీ నాన్నకి కాస్త కడుపు శుభ్రమైంది" అన్నారు.

తలుపు చాటున నిలబడి ఆ మాట విన్న ఆనాటి కొత్తకోడలు పిల్ల ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, పాపం, ఇంకా ఆ ఇంట్లోనే ఉండనిస్తారని అప్పుడే తెలిసినట్టుంది.