కాలిపా అక్క పడుకుని చూసిన గది

మా అక్క కాలిపా చివరిసారిగా చేసిన మామూలు పని నా పడకగదిలో నేల మీద వెల్లకిలా పడుకోవడం. మంచం పక్కకి జరిపించి, రోజూ నా తల ఎక్కడ ఉంటుందో అడిగి, సరిగ్గా అక్కడే బొంత పరిపించింది. కాళ్లు చాపుకుని, తలగుడ్డ సర్దుకుని, గోడల వైపు చూస్తూ "ఇంక పో" అంది.

"గుసగుసలు వద్దు. మీ ఆయన వచ్చాక కూడా రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. గిన్నెలు మోగితే మోగనివ్వండి."

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తలుపు దగ్గరగా వేసి నేను వంటింట్లోకి వచ్చేశాను.

మా ఊరు కరకోల్‌లో ఇది ఎవరికీ వింత కాదు. అక్క నలభై ఆరేళ్లు గోడలకు రంగులు వేసింది. పదిహేడో ఏట భవన నిర్మాణ దళంలో చేరింది. ఆ రోజుల్లోనే ఒక కాన్పుల ఆసుపత్రిలో బాలింతల గదికి నిమ్మపండు రంగు వేశారట. పై అధికారులు మెచ్చుకున్నారు. బాలింతలు మాత్రం కళ్లు మూయలేకపోయారు. అక్కడ నేల తుడిచే ముసలావిడ అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఖాళీ మంచం మీద పడుకోబెట్టింది. "నిలబడి రంగేశావు కదా, ఇప్పుడు పడుకుని చూడు" అంది. అక్క గంటసేపు పడుకుంది. లేచి, దళం నాయకుడితో పోట్లాడి, మొత్తం మళ్లీ వేయించింది. ఆ తర్వాత ఎవరి పడకగదికైనా, ముందు పగటిపూట ఆ ఇంట్లో పడుకుని చూడకుండా బకెట్లో సున్నం కలపలేదు.

సున్నంలో ఆమె కలిపేది ఎక్కువగా బట్టల నీలిమందే. ఎంత కలపాలన్నదే ఆమె విద్య. చిన్న చెక్కముక్కకి పూసి, పొయ్యి మీద ఆరబెట్టి గాని ఎవరికీ చూపించేది కాదు. "తడి రంగు పెళ్లికొడుకు మాట లాంటిది. ఆరాక చూడాలి" అనేది. రాత్రంతా లారీ నడిపి పగలు పడుకునే ఒక డ్రైవరుకి మసక చీకటి లాంటి బూడిద నీలం వేసింది. చీకటికి భయపడే పిల్లలకి పాలమీగడ రంగు. ఒకసారి ఒక ఇంట్లో పడుకుని లేచి, "మీ గోడలు బాగానే ఉన్నాయి. మంచం ఎదురుగా ఉన్న ఆ టీవీ అవతల పారేయండి" అని చెప్పి, బ్రష్షు తడపకుండానే ఇంటికి వచ్చేసింది. పడుకుని బతికే కాలిపా అని వెనకాల నవ్వేవాళ్లు. నిద్ర పట్టనప్పుడు వాళ్లే వచ్చి పిలిచేవారు.

నాకు నిద్ర లేకుండా చేసింది మా ఆయన. పేరు ఎసెన్, బడిలో ఆటల మాస్టారు. కిందటి వేసవిలో బడి వ్యాయామశాల నేలకి రంగు వేయించారు, ఎర్రటి ఇటుక రంగు. అరడబ్బా మిగిలింది. మా పడకగది గోడ మీద మంచు చెమ్మ ఉండేది. "నేలకే పదేళ్లు నిలుస్తుంది, గోడకైతే మన జీవితాంతం" అని ఒక ఆదివారం నాలుగు గోడలకీ పట్టించేశాడు. అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటి మరిదీ, నేలని లేపి నిలబెట్టావా?"

"చెమ్మ పోయిందా లేదా వదినా?"

"పోయింది. దాంతో పాటు మీ ఆవిడ నిద్ర కూడా పోతుంది చూడు."

అన్నంత పనీ అయింది. పడమటి కిటికీలోంచి ఎండ పడితే ఆ గది పొయ్యి లోపలిలా ఉండేది. దీపం ఆర్పాక కూడా ఆ ఎరుపు నా రెప్పల వెనక ఉండేది. ఆగస్టు నుంచి రెండు మూడు గంటలకు మించి నిద్రపోయిన రోజు లేదు. నేను పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాలు తప్పు అరల్లో పెట్టడం మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో ఒకరోజు మెట్ల మీద తూలి పడ్డాను. నిజంగా రంగు వల్లేనా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. అక్కకి మాత్రం అనుమానం లేదు. "గడ్డకట్టే చలిలో సున్నం పట్టదే. మంచు కరగనీ, మార్చిలో నౌరూజ్ పండగలోపు నిన్ను నిద్రపుచ్చే పూచీ నాది" అంటూ చలికాలమంతా ధైర్యం చెప్పింది.

మార్చి పన్నెండున వచ్చింది. నూనె రంగు మీద సున్నం నిలవదు కాబట్టి ముందు గీకాలి. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒక గోడ గీకింది. మధ్య మధ్య ఆగి కిటికీ తెరిచి నిలబడేది.

"ఏంటక్కా, వయసైపోతోందా?" అన్నాను.

"వయసు నీ గోడకి. మీ ఆయన ఒక్కో చోట మూడేసి పూతలు వేశాడు. గోడకి కోటు కుట్టాడే!"

భోజనానికి నూడుల్స్ పులుసు చేశాను. సగమే తింది. దుమ్ము గొంతులోకి పోయిందంది. తర్వాత బొంత పరచమంది.

వంటింట్లో నేను బోర్సోక్‌లకి, అవే నూనెలో వేయించే చిన్న రొట్టెలకి, పిండి కలుపుతున్నాను. రెండున్నరకి బడి నుంచి ఎసెన్ వచ్చాడు. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. మామూలుగా అక్క పడుకున్న చోటు నుంచే కేకలు వేసేది, ఆ తెర తీయండి, ఆ అద్దం తిప్పండి అని. నేను తలుపు కాస్త తెరిచి చూశాను. కళ్లు మూసుకుని ఉంది. చేతులు పొట్ట మీద ఉన్నాయి. పడమటి ఎండ గోడల మీద పడి గదంతా ఎర్రగా వెలుగుతోంది. అక్క ముఖం కూడా ఎర్రగా, చిన్నప్పుడు మంచులో ఆడి వచ్చినప్పుడు ఉన్నట్టుంది. నా ఉన్ని శాలువా తెచ్చి మెల్లగా కప్పాను.

"నిద్రపోయింది" అన్నాను ఎసెన్‌తో.

"చూశావా? నా రంగులోనే వదిన హాయిగా పడుకుంది. తప్పు గోడది కాదు, నీది."

"మెల్లగా! లేచిందంటే ఈసారి గీకేది నీ వీపే."

ఇద్దరం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. నాకు సంతోషంగా కూడా ఉంది. ఆ గదిలో ఒక మనిషి నిద్రపోగలిగింది, అంటే నేనూ పోగలను అనుకున్నాను. ఆమె వద్దన్నా సరే, ఆ గంటన్నరసేపు గుసగుసగానే మాట్లాడుకున్నాం. నూనెలో బోర్సోక్‌లు చిటపటమంటుంటే మంట తగ్గించాను.

నాలుగవుతుండగా టీ పోశాను. మీగడ, కోరిందపళ్ల జామ్ బల్ల మీద పెట్టాను. "అక్కా, టీ చల్లారిపోతోంది" అని పిలిచాను. రెండోసారి పిలవాల్సిన మనిషి కాదు. లోపలికి వెళ్లి భుజం పట్టుకున్నాను.

నేను అరవలేదు. అరిచానని ఎసెన్ అంటాడు. అతను పరుగెత్తుకొచ్చి, గాలి తగిలితే లేస్తుందేమోనని అక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని ముందు గదిలోకి, ఉత్తరపు కిటికీ కిందకి తెచ్చాడు. అక్కడ గోడలు తెల్లవి. ఆ తెల్లటి వెలుగులో అక్క ముఖం చూశాను. సీసం రంగులో ఉంది. పెదవులు ఇంకా నల్లగా ఉన్నాయి. నాలుగడుగుల కిందట, ఆ ఎర్రగదిలో, ఆ ముఖమే నాకు నిగనిగలాడుతూ కనిపించింది.

అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. గుండె ఆగిందంది. "ఎంతసేపైంది?" అని అడిగింది.

"నిద్రపోతోంది" అన్నాను.

"అది కాదమ్మా. చివరిసారి ప్రాణంతో ఉండగా ఎప్పుడు చూశారు?"

ఒంటిగంటన్నరకి "ఇంక పో" అంది. రెండున్నరకి శాలువా కప్పాను. కప్పినప్పుడు బతికే ఉందా? నా చెయ్యి ఆమె గడ్డం దాకా వెళ్లింది, ఊపిరి తగిలిందా? నాకు తెలిసిందల్లా ఎరుపు.

మా ఆచారం ప్రకారం అక్కని ఆమె ఇంటి ముందు గుడారం వేసి అందులో ఉంచారు. మగవాళ్లు బయట కర్రల మీద వంగి ఏడ్చారు. లోపల ఆడవాళ్లం గోడ వైపు తిరిగి కూర్చున్నాం. తోడబుట్టిన చెల్లెలిగా పోయినవాళ్ల గుణాలు పాడుతూ ఏడవాల్సింది నేనే. నోరు తెరిస్తే ఒక్క మాట రాలేదు. పక్కనున్న మేనత్త నా వీపు మీద చరిచి, "ఏడవవే జూరా, ఏడవకపోతే లోపల రాయైపోతుంది" అంది. నేను ఆ గుడారం గోడకేసి చూస్తూ, ఇది ఏ రంగు, దీని మీంచి వచ్చే వెలుగు ఏ రంగు అని చూసుకుంటున్నాను. మూడోరోజు మట్టి చేశారు. అప్పటికీ ఏడవలేదు.

మా పడకగదిలో ఒక గోడ గీకి ఉంది, మూడు గోడలు ఎర్రగానే ఉన్నాయి. మిగతాది నేను గీకుతానని ఎసెన్ రెండుసార్లు గీకుడు రేకు తీశాడు. రెండుసార్లూ తిరిగి బకెట్లో పెట్టేశాడు. నాకు ఏ రంగు అనుకుందో అక్క చెప్పలేదు. అసలు అనుకునేంత సేపు ఉందో లేదో.

నలభయ్యో రోజున ఆమె ఇంట్లో భోజనాలయ్యాక బట్టలు, పక్క పంచిపెట్టాలి. మట్టి చేసేముందు అక్కకి స్నానం చేయించిన ఆడవాళ్లకి చెందేవి అవి. నేనూ అక్క కోడలు బర్చినూ పెట్టె ముందు కూర్చుని సర్దుతున్నాం. పెట్టె మీది పరుపుల దొంతరలోంచి అక్కది తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పత్తి ఎక్కడా అణగలేదు, కొత్తదానిలా ఉంది.

"ఇది కాదు బర్చిన్. మీ అత్తయ్య రోజూ పడుకునేది ఏదే?"

"అదే చిన్నత్తయ్యా."

"వాడినట్టే లేదు."

బర్చిన్ చేతిలో ఉన్న జాకెట్టు మడత విప్పి, మళ్లీ మడిచింది.

"మీకు చెప్పొద్దంది అత్తయ్య. మీకసలే నిద్ర లేదని."

"ఏం చెప్పొద్దంది?"

"పోయిన సెప్టెంబరులో ఆపిల్ పళ్లు కోసినప్పటి నుంచీ నడుం వాల్చలేదు. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చునే నిద్రపోయేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు."