తొమ్మిదో గుంట దగ్గర

మా బావ మిలిటరీలో రిటైరై వస్తూ పాత గోల్ఫ్ కర్రల సంచి ఒకటి తెచ్చాడు. విడపనకల్లు దగ్గర మా ఊరి రాళ్లగుట్ట మీద గడ్డపారతో తొమ్మిది గుంటలు తవ్వి, నన్నూ ఆటలోకి దింపాడు. ఆ గుట్ట మీద గడ్డి మొలవదు. కొట్టిన బంతి బండకు తగిలి మన కాళ్ల మీదికే వస్తుంది, లేదంటే కంపల్లో పడుతుంది. ఆట గంటైతే వెతుకులాట మూడు గంటలు. నేను విసుక్కుంటే, "దొరికేదాకా యాడికీ పోయేది లేదు బామ్మర్దీ" అనేవాడు.

ఆఖరిసారి తొమ్మిదో గుంటకు తను కొట్టిన బంతి దొరకనే లేదు. పొద్దు గుంకుతోందని నేనే లాక్కొచ్చాను. ఆ నెలలోనే బావ చనిపోయాడు.

మొన్న తొలకరి పడగానే ఒక్కణ్ణే గుట్టెక్కి, ఆ బంతి కోసం కంపలన్నీ గాలించాను. మా వైపు వాన పడితే జనం వజ్రాలు వెతుక్కుంటూ తిరుగుతారు. అలా వచ్చిన ఒకాయన నన్ను చూసి ఆగాడు.

"ఏమప్పా, వజ్రం కనపడిందా?"

"ఈడ ఏ వజ్రమూ లేదు, పో!" అని కసిరాను.

ఆయన నమ్మలేదు. నా పక్కనే తల వంచుకుని వెతకడం మొదలుపెట్టాడు. నేను రెండోసారి పొమ్మనలేదు. బావ పోయాక ఆ గుట్ట మీద నా పక్కన ఇంకో మనిషి నడవడం అదే మొదలు.