తెరచాప దించమన్నదెవరు

బాబా పోయాడు. శుక్రవారం పొద్దున నేను వంటింట్లో బియ్యం ఏరుతుంటే ఆయన పెద్ద కొడుకు గుమ్మంలో నిలబడి, "ఖలాస్, పెద్దమ్మా" అన్నాడు. పొయ్యి మీద ముసలాయన కోసం పెట్టిన చేపల పులుసు ఉడుకుతోంది. లేచి పొయ్యి ఆర్పాను. తొంభై దాటిన మనిషి పోవడంలో వింత లేదు. సాయంత్రానికే మట్టి చేశారు, ఇక్కడ గల్ఫులో ఆలస్యం చెయ్యరు. నా కడుపు మండింది చావుకు కాదు. ఆ తరువాత మూడు రోజులు పరామర్శ పేరుతో ఆ ఇంట్లో నడిచిన మాటలకు.

పడవల క్లబ్బు వాళ్ళు కోట్లు వేసుకుని వచ్చారు. చేదు కాఫీ తాగుతూ, ఒక గొప్ప ఇంగ్లీషు దొర మంచితనాన్ని కళ్ళారా చూసిన ఆఖరి సాక్షి వెళ్ళిపోయాడన్నారట. ఆ మాట మగవాళ్ళ గదిలోంచి ఆడవాళ్ళ గదికి, అక్కడినుంచి నా వంటింటికి వచ్చింది. వాళ్ళు తాగిన కప్పులే కడుగుతున్నాను అప్పుడు. ఉమ్మెయ్యాలనిపించింది. చావింట్లో ఉమ్మకూడదని మింగాను. మింగింది ఇక్కడ కక్కుతున్నాను.

నాకు అక్షరం రాదు. హవల్లీలో ఉండే మా రాయచోటి అమ్మాయి నేను చెబుతుంటే రాస్తోంది. కొంచెం మెత్తగా రాద్దామా పెద్దమ్మా అని అడిగింది. వద్దన్నాను. ఇది చదివే మీరు ఆ క్లబ్బు గడప తొక్కేవాళ్ళు కారు. షుఐబా కార్ఖానాల్లో ఇనుప గొట్టాలు మోసేవాళ్ళు, నాలాగా ఇళ్ళల్లో వండిపెట్టేవాళ్ళు. అయినా మీకే చెబుతాను. వాళ్ళకు చెప్పి చూశాం, ఏమైందో చదివితే మీకే తెలుస్తుంది.

బాబా అంటే నా కఫీల్‌కు, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆ పెద్ద కొడుకుకు, తండ్రి. అబూ హలీఫాలో సముద్రానికి దగ్గరగా ఇల్లు. నేను యాభై ఏళ్ళకు దగ్గరపడ్డాక, తాళి తెగినదాన్ని, ఆ ఇంటికి వంటమనిషిగా వచ్చాను. రాయచోటి పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలవడం విని ఆయన కూడా పెద్దమ్మా అనడం మొదలుపెట్టాడు. నాకంటే ముప్పై, నలభై ఏళ్ళు పెద్దవాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. చివరికి కోడలికి (ఇంటి ఆవిడను ఇక్కడ మేం మామా అంటాం), పిల్లలకు, కొడుకుకు కూడా అలాగే పిలవడం అలవాటైపోయింది.

మా స్నేహం గొడవతోనే మొదలైంది. నేను వచ్చిన కొత్తలో పెరట్లో ఒక డబ్బా కనిపించింది, మూత తీస్తే కళ్ళు తిరిగే కంపు. చేపలు కుళ్ళాయనుకుని ఇసుకలో పారబోశాను. వీధిలో పిల్లులన్నీ వచ్చి చేరాయి. బాబా బయటికి వచ్చి చూసి, ఆ ఇసుక పక్కనే చతికిలబడి కూర్చున్నాడు. తిట్టలేదు. అది సొరచేప కాలేయం కరిగించి తీసిన నూనెట. ఒడ్డున ఆయనకో చిన్న చెక్క పడవ ఉంది, చలికాలం వచ్చేముందు దానికి ఆ నూనె పూస్తారు, లేకపోతే చెక్క పగిలిపోతుంది. నాకు అరబ్బీ అప్పటికి ఎంత వచ్చని, చేతులతో చూపించి చెప్పాడు. మరుసటి ఏడు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ నూనె నేనే కాచాను. మామా నాలుగు రోజులు నన్ను గదుల్లోకి రానివ్వలేదు.

పొద్దున్నే లేచి పెరట్లో నిలబడి చెంప గాలికి పెట్టేవాడు. ఎండు నిమ్మకాయ వేసిన టీ తాగేవాడు. చేపల కూరలో టమాట వేస్తే గిన్నె పక్కకు తోసేవాడు. చల్లటి మిషను గది ఆయనకు పడదు, ఆ గాలి చచ్చిన గాలి అనేవాడు. ఆయన అరబ్బీలో అన్నవి ఇక్కడ నా మాటలో చెబుతున్నాను, అర్థం మాత్రం ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి పెద్ద యుద్ధానికి ముందు ఈ ఊళ్ళో చమురు లేదు, మేడలు లేవు. ముత్యాల కోసం మునిగే పడవలు తప్ప ఏమీ లేదు. అయినా రెండు పెద్ద దేశాలు ఈ ఒడ్డు మీద కన్నేశాయి. జర్మనీ వాళ్ళు ఎక్కడినుంచో రైలు వేసుకొచ్చి ఈ నీళ్ళ దగ్గర ఆపాలనుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళు ఇంకొకరు అడుగు పెట్టకూడదనుకున్నారు. మిమ్మల్ని ఎవరన్నా అడిగారా బాబా అంటే, నవ్వేవాడు. వాళ్ళ రాజులిద్దరూ సొంత మేనమామ, మేనల్లుడట. అయినా ఇంగ్లీషు సముద్రంలో మిద్దెలంతేసి తెరచాపల పడవలు కట్టించి ఏటా పందెం పెట్టుకునేవాళ్ళట. ఒకరి పడవ ముందుకు పోతే ఇంకొకరికి అన్నం సయించేది కాదట. మా వైపు మేనమామ ముందు పిల్లలు గొంతెత్తరు. ఆ మాట నేనంటే బాబా అన్నాడు: "రాజులు కొట్టుకుంటే కొట్టుకోనీ పెద్దమ్మా. ఆ రోగం మా నీళ్ళకు కూడా తెచ్చినారు."

ఇక్కడున్న ఇంగ్లీషు దొర ఒకడు, జర్మనీ వర్తకుడు ఒకడు, తామూ పందెం పెట్టాలనుకున్నారు. పడవలు వాళ్ళవి కావు. రెండు ముత్యాల పడవలు మాట్లాడుకుని, ఒకదానికి ఇంగ్లీషు జెండా, ఒకదానికి జర్మనీ జెండా కట్టారు. ఇంగ్లీషు జెండా పడవ నడిపినవాడు బాబా తండ్రి. జర్మనీ జెండా పడవ నడిపినవాడు బాబా మేనమామ. ఒక కంచంలో తినే బావాబావమరుదులు. బాబా అప్పటికి మీసం మొలవని తాడు మనిషి, అంటే మునిగేవాళ్ళను తాడుతో పైకి లాగేవాడు, తండ్రి పడవలోనే ఉన్నాడు.

ఎదుటి దీవి దాకా వెళ్ళి తిరిగి రావాలి. తిరుగుదారిలో మేనమామ పడవ ముందుంది. దాన్ని గాలికి తిప్పేటప్పుడు తెరచాప కట్టిన పెద్ద వాసం అడ్డంగా వచ్చి ఒక మనిషిని నీళ్ళలోకి కొట్టింది. నిండు తెరచాపతో పోయే పడవను ఉన్నపళంగా ఆపడం కుదరదు. అందుకని ముత్యాల పడవల వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. మనిషి పడితే వెనక వచ్చే పడవ తెరచాప దించాలి. ఎవరి మనిషి, ఏ పడవ అని చూడకూడదు. బాబా తండ్రి దించమని కేక వేశాడు. అదే పడవలో వెనక కూర్చున్న దొర వద్దని అరిచాడు. అరిచినా వినకపోతే చేతిలో ఉన్న బెత్తంతో ఆయన మెడ మీద కొట్టాడు. ఆయన తెరచాప దింపి, పడినవాణ్ణి పైకి లాగాడు. అవతలి పడవ గెలిచింది.

దొర ఏమన్నాడో తెలుసా? ఈ మనిషి అవతలి దేశానికి అమ్ముడుపోయాడన్నాడు. ఆ ఏడు ఎవరూ ఆయనకు పడవ ఇవ్వకుండా చేశాడు. పడవ నడిపించే మనిషి ఇంకొకడి కింద తెడ్డు వేశాడు. అవతలి వర్తకుడేమో తన దేశం బలం వల్ల గెలిచానని విందు చేసుకున్నాడు. నీళ్ళు మింగినవాడి గురించి ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

ఇంత వరకే అయితే పాత కథ, పోనీ అనుకోవచ్చు. ఆ దొర తన దేశానికి వెళ్ళి, గెలుపు వదులుకుని మనిషిని కాపాడమని తానే హుకుం ఇచ్చానని చెప్పుకున్నాడు. డెబ్బై, ఎనభై ఏళ్ళ తరువాత ఇక్కడి పడవల క్లబ్బు వాళ్ళు దాన్ని ఎక్కడో పట్టుకున్నారు. ఆ దొర దయకు గుర్తుగా వెండి కప్పు చేయించి, ఏటా పందెం పెడతామన్నారు. అయిదారు దేశాల వాళ్ళు, తలా ఒక జెండా. ఆ పడవలో ఉన్నవాడు ఒకడు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి ఇంటికి వచ్చారు. క్లబ్బుకు పెద్ద అయినవాడు షుఐబాలో ఒక కంపెనీకి కూడా పెద్దే. బాబా కొడుకు ఆ కంపెనీకే గొట్టాలు అమ్ముతాడు. ఇక అర్థం చేసుకోండి.

కొడుకు పెరట్లో తండ్రి ముందు కూర్చున్నాడు. నేను టీ పోస్తున్నాను.

"ఒగ మాట అంటే సాలు నాయనా. దొర దించమన్నాడు, మేం దించినాం. అంతే."

"దించమన్నది మీ తాత."

"తాత పోయి ఎన్నేండ్లాయ. ఇప్పుడు ఆయనకేం పోతాది?"

"నీకేం వస్తాది, అది చెప్పు."

కొడుకు గ్లాసు ముందుకు చాపి ఇంకొంచెం టీ పొయ్యమన్నాడు. బాబా అన్నాడు, వస్తాను, కానీ జరిగిందే చెబుతాను అని. కొడుకు సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పక్క దేశాల యుద్ధంతో గల్ఫులో ఓడలు తగలబడుతున్న రోజులవి. ఈ దేశం చమురు ఓడలకు అమెరికా జెండాలు కట్టడం టీవీలో చూపించారు. బాబా చాలాసేపు చూశాడు. "మా నాయన పడవకు కట్టినట్టే" అని లేచి లోపలికి వెళ్ళాడు.

పందెం రోజున ఆయనకు ఊపిరి అందదేమోనని నన్ను కూడా క్లబ్బుకు తీసుకెళ్ళారు, టీ ఫ్లాస్కు, మందులతో. నల్లకళ్ళద్దాల ఆడవాళ్ళు, చొక్కా గుండీలు విప్పుకున్న మగవాళ్ళు. ముసలాయనను కొత్త బొమ్మను చూసినట్టు చుట్టూ తిరిగి చూశారు. ఒకామె ఆయన గడ్డం తాకి నవ్వింది.

మైకు ఇచ్చారు. బాబా అరబ్బీలో, తొందర లేకుండా చెప్పాడు. ఒక్క మాట కూడా నేను పోగొట్టుకోలేదు.

"దొర బెత్తం తీసుకోని మా నాయన మెడ మింద కొట్టినాడు. మా నాయన తెరచాప దించినాడు. పడినోడు అవతలి జెండా కింద ఉన్నోడు. మాకు వాడు మనిసే. ఆ ఏడు మా నాయనకు పడవ ల్యాకుండా చేసినారు. ఈ కప్పు ఎవురి పేరున ఇస్తాండారో మీరే చూసుకోండి."

కొడుకు మైకు అందుకుని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. రానక్కరలేదు. చెప్పగానే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. కన్నతండ్రిని బెత్తంతో కొట్టారన్న మాటకు ఎవరన్నా చప్పట్లు కొడతారా?

బాబా నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, బెత్తం మాట చెప్పినా గదా నేను?"

"చెప్పినావు బాబా. నేను ఇన్న్యాను."

"మరి వీళ్ళు ఏమిటికి సప్పట్లు కొడతాండారు?"

నేను మైకు పట్టుకున్న కొడుకు వైపు చూశాను. ఆయనకు జవాబు తెలిసిపోయింది. గెలిచినవాడికి కప్పు ఇమ్మన్నారు. ఆయన చేతులు ఒడిలోంచి కదల్లేదు. అప్పుడు కొడుకు వంగి, తండ్రి రెండు చేతులూ ఎత్తి కప్పుకు ఆనించి, ఫొటో తీసేదాకా పట్టుకున్నాడు. నేను చాలా పాడుపనులు చూశాను. ఎంగిలి కంచాలు కడిగి బతికినదాన్ని. అంత రోత ఎక్కడా చూడలేదు.

కారులో నేనూరుకోలేదు. మీ తాత మాట అమ్ముకున్నావని కొడుకుతో అనేశాను.

"పెద్దమ్మా, నీ పని వంట" అన్నాడు.

"అవును, వంటే. అందుకే సెప్తాండా. కుళ్ళింది ఏదో నా ముక్కుకు తెలుస్తాది."

ముందు సీట్లో బాబా నవ్వాడు. ఆ రోజంతటికీ ఆయన నవ్వింది అదొక్కసారి.

ఆయన పోయాక, పరామర్శ మూడో రోజు ఇదంతా మామాకు చెప్పాను, ఆడవాళ్ళందరూ వింటుండగా. తెలియక ఊరుకున్నారనుకున్నాను. మామా నా చెయ్యి పట్టుకుని, అందరికీ తెలుసు పెద్దమ్మా, వదిలెయ్ అంది. తెలిసే ఊరుకున్నారు.

ఇంకా ఒక మాట అన్నారు కోట్లవాళ్ళు. ముసలాయనకు మా పందెమంటే ప్రాణం, మరుసటి ఏడు కూడా ఒడ్డున కుర్చీ వేసుకుని చూశాడు అని. కుర్చీ వేసింది నిజమే. ఆ ఏటి పందెం రోజు, ఒక శుక్రవారం పొద్దున, కొడుకు ఆయనను ఒడ్డున సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి క్లబ్బుకు వెళ్ళిపోయాడు. నేను పక్కన ఇసుకలో కూర్చున్నాను. దూరంగా తెల్ల పడవలు బారు తీరాయి.

"కుర్చీ తిప్పు పెద్దమ్మా" అన్నాడు బాబా.

"ఎండ కొడతాందా?"

"ఎండ కాదు. తిప్పు."

తిప్పాను. ఇప్పుడు ఆయనకు ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల రొట్టెల అంగడి. సెలవు రోజు కదా, కూలీలు లుంగీలతో వరుసలో నిలబడి ఉన్నారు. నన్ను పంపి ఒక రొట్టె తెప్పించుకున్నాడు. సముద్రం గాలి వెనకనుంచి వచ్చి తలగుడ్డ కొసను ముఖం మీదికి తోస్తుంటే వెనక్కి వేసుకుంటున్నాడు, అది మళ్ళీ వస్తోంది. ఆయన భుజం మీదుగా తెరచాపలు ఒక్కొక్కటే దాటిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. కాసేపటికి అటువైపు కేకలు వినిపించాయి, ఎవరో గెలిచినట్టున్నారు. బాబా వేడి రొట్టె తుంచి ఊదుకుంటూ, చంకలో రొట్టెలు పెట్టుకుని రోడ్డు దాటుతున్న ఇద్దరు కూలీలను, వాళ్ళు ఇవతలి గట్టు ఎక్కేదాకా, చూస్తూ ఉన్నాడు.